ఊరకుండుట, నెమరువేయుట, కనిపెట్టుట: క్రైస్తవ మౌనధ్యానానికి మన ఇంటి మాటలు

కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కూ నడుమ దూరం సుమారు యాభై కిలోమీటర్లు. మధ్యలో సాత్తూరు. దారికి రెండు వైపులా నల్లరేగడి నేల. తమిళులు దానిని కరిసల్ భూమి అంటారు. ఈ నేల మీద తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు కొన్ని శతాబ్దాలుగా నివసిస్తున్నాయి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయక్కర్లు, అరుంధతీయులలో అనేకులు, ఇటు రాజపాళయం రాజులు, అటు అరుప్పుక్కోట్టై దేవాంగులు ఇందులోకి వస్తారు. వీరికి బడిలో, అంగడిలో, పత్రికలో తమిళం. ఇంట్లో, పొలంలో, కోపంలో, లాలనలో తెలుగు.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన క్రైస్తవ విద్యార్థి ఒకరు తరగతి ముగిశాక నన్ను ఒక ప్రశ్న అడిగారు. "సార్, మా చర్చిలో పాట, ప్రసంగం, ప్రార్థన అన్నీ తమిళమే. నేను పైకి ప్రార్థన చేసినా తమిళంలోనే చేస్తాను. కానీ తెల్లవారుజామున లేచి, కళ్లు మూసుకొని, మాట లేకుండా కూర్చుంటే లోపల మా అమ్మ మాట్లాడే తెలుగే వస్తుంది. అది పుస్తకాల తెలుగు కాదు. అది ప్రార్థన అవుతుందా?"

ఈ ప్రశ్నలో సగం మతానికి చెందినది. దానికి జవాబు చెప్పవలసినవారు గురువులు, పాదిరులు. మిగిలిన సగం భాషకు చెందినది. ఆ సగమైనా మనం ఆలోచించవలసి ఉంది. అందుకే ఈ వ్యాసం.

మౌనధ్యానమంటే ఏమిటి?

ధ్యానమనగానే మనస్సును ఖాళీ చేసుకోవడం అని చాలామంది అనుకుంటారు. క్రైస్తవ సంప్రదాయంలో ధ్యానం సాధారణంగా ఒక మాటతో మొదలవుతుంది. గ్రంథంలోని ఒక భాగాన్ని చదవడం, దాన్ని మనసులో తిప్పుకోవడం, దానికి బదులుగా ప్రార్థించడం, ఆపైన మాటలు మాని దేవుని ఎదుట నిలవడం అనే నాలుగు మెట్లను 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ సన్యాసి ఒక నిచ్చెనగా వర్ణించాడు. చదువు అన్నాన్ని నోట పెడుతుంది, ధ్యానం నములుతుంది, ప్రార్థన రుచిని రాబడుతుంది, చివరి మెట్టు ఆ తీపే అని ఆయన పోలిక.

దీనికి మూలం సువార్తలలోనే ఉంది. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థించినట్లు మార్కు మొదటి అధ్యాయం చెబుతుంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ప్రార్థించమన్న ఉపదేశం మత్తయి ఆరవ అధ్యాయంలో ఉంది. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారి మునులు దీన్నే జీవితవిధానం చేసుకున్నారు. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా ధ్యానాన్ని ముప్ఫై రోజుల అభ్యాసక్రమంగా కూర్చాడు. ఆయన రాసిన 'ఆధ్యాత్మిక అభ్యాసాలు' గ్రంథానికి 1548లో పోపు ఆమోదం లభించింది. ప్రొటెస్టెంటులలో 19వ శతాబ్ది చివర కేంబ్రిడ్జి విద్యార్థుల నుంచి 'ఉదయకాలపు కావలి' అన్న అలవాటు ప్రపంచమంతా వ్యాపించింది. మన కళాశాల వసతిగృహాలలో క్రైస్తవ విద్యార్థులు 'క్వయట్ టైమ్' అని పిలిచేది దాని సంతతే.

ఈ నేల మీద ధ్యానించినవారు

ఈ అభ్యాసం కరిసల్ నేలకు కొత్తది కాదు. 1606లో మదురైకి వచ్చిన రాబర్ట్ డి నొబిలి నాయకరాజుల కాలంలో సన్యాసి వేషంతో, ఒంటిపూట భోజనంతో, ఏకాంత నియమంతో జీవించాడు. ఆయనకు తెలుగు, సంస్కృతం నేర్పినవాడు శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణ పండితుడు. మదురై ఆస్థానం తెలుగు ఆస్థానం కావడం వల్ల ఆ భాష ఆయనకు అవసరమైంది.

కోవిల్‌పట్టికి సమీపాన కామనాయక్కన్‌పట్టి అనే ఊరు ఉంది. ఊరి పేరులోనే ఒక నాయక్కరు ఉన్నాడు. అక్కడి మాత దేవాలయం మదురై మిషన్ కాలపు పాత క్రైస్తవ కేంద్రాలలో ఒకటి. ఏటా ఆగస్టు 15న అక్కడ ఉత్సవం జరుగుతుంది. 1710లో భారతదేశానికి వచ్చిన కాన్‌స్టాంటైన్ బెస్కి తన తొలి సంవత్సరాలలో ఇక్కడ పనిచేశాడు. తమిళులు ఆయనను వీరమామునివర్ అంటారు. తెలుగు కూడా నేర్చినవాడు. ఆయన ఉపదేశుల కోసం 1727లో 'వేదియర్ ఒళుక్కం' అనే వచన గ్రంథం రాశాడు. ఊరూరా తిరిగి ఇతరులకు బోధించే ఉపదేశి ముందు తన లోపల తాను చూసుకోవాలన్నది ఏసుసభవారి పద్ధతి. రాత్రి పడుకొనే ముందు ఆనాటి మాటలను, చేతలను ఒకసారి తిరిగి తలచుకొనే ఆత్మశోధన ఆ పద్ధతిలో ముఖ్యమైన భాగం.

విరుదునగర్ జిల్లాలోని శివకాశిలో మరొకరి సమాధి ఉంది. థామస్ రాగ్లాండ్ (1815–1858) కేంబ్రిడ్జిలో గణితం చదివి, అక్కడ ఫెలోగా ఉండి, చర్చ్ మిషనరీ సొసైటీ పక్షాన మద్రాసు వచ్చాడు. కార్యదర్శి పదవిని విడిచి 1854లో ఉత్తర తిరునెల్వేలి ప్రాంతంలో డేరాలు వేసుకొని గ్రామగ్రామం తిరిగే పని మొదలుపెట్టాడు. ఊపిరితిత్తుల జబ్బుతో నాలుగేళ్లకే శివకాశిలో మరణించాడు. ఆయన చేసిన పని కంటె, ఆ పని మధ్యలో తన ఉద్దేశాలను తానే పరీక్షించుకున్న తీరే తరువాతివారికి ఎక్కువగా గుర్తుండిపోయింది. దోనావూరు ఏమీ కార్మైకేల్ ఆయనపై ఒక పుస్తకం రాయడానికి కారణం అదే. ఎండలో డేరా, చుట్టూ జనం, ఒంట్లో జబ్బు. ఏకాంతానికి అనుకూలమైన పరిస్థితులు దొరికాకే ధ్యానం చేద్దామనుకొనేవారు ఈ ఉదాహరణను గమనించాలి.

అయితే ఇక్కడ ఒక విషయం ఉంది. వీరందరూ ఈ ప్రాంతపు ప్రజలతో మతవిషయాలు ప్రధానంగా తమిళంలో మాట్లాడారు. కనుక ఇక్కడి తెలుగు ఇళ్లకు ధ్యానం గురించిన మాటలు తమిళం ద్వారానే అందాయి. మన మాటలు మనకు లేవా? ఉన్నాయి. కొన్ని తెలుగు బైబిలులో ఉన్నాయి, కొన్ని అవ్వల నోట ఉన్నాయి. వాటిలో మూడింటిని చూద్దాం.

నెమరువేయుట

మొదటి కీర్తనలో దేవుని ధర్మశాస్త్రాన్ని రేయింబవళ్లు 'ధ్యానించే' మనిషి వస్తాడు. తెలుగులోనూ తమిళంలోనూ అక్కడ 'ధ్యానం' అన్న సంస్కృత పదమే వాడారు. మూలంలోని హీబ్రూ మాట 'హాగా'. దానికి లోగొంతుతో గొణగడం అని అర్థం. యెషయా గ్రంథంలో పావురం మూలగడానికీ, సింహం వేటమీద గుర్రుమనడానికీ ఇదే మాట వాడారు. అంటే ఆ పాతకాలపు ధ్యానం పెదవులు కదిపే ధ్యానం. ఒక మాటను పట్టుకొని మళ్లీ మళ్లీ నోట నానబెట్టడం.

మధ్యయుగపు లాటిన్ సన్యాసులు దీన్ని 'రుమినాషియో' అన్నారు. పశువు నెమరువేయడమని దాని అర్థం. తెలుగువాడు పాత సంగతులను 'నెమరువేసుకుంటాడు', తమిళుడు 'అసైపోడుతాడు'. మూడు భాషలవారూ ఒకే పశువును చూసి ఒకే మాట అన్నారు. మేత మేసేటప్పుడు పశువు తొందరగా మింగుతుంది. నీడన పడుకున్నాకే దాన్ని తిరిగి నోటికి తెచ్చుకొని నములుతుంది. ఆదివారం విన్నది మింగిన మేత. నెమరువేయడానికి వారంలో ఎక్కడో ఒక నీడ కావాలి.

దీనికి తోడుగా మరో అచ్చతెలుగు మాట ఉంది, 'తలపోయు'. గొర్రెల కాపరులు వచ్చి చెప్పిన సంగతులను మరియ హృదయంలో భద్రపరచుకొన్న ఘట్టంలో, లూకా రెండవ అధ్యాయంలో, తెలుగు బైబిలు ఈ మాట వాడింది. నెమరువేత ఒక మాటతో చేసే పని అయితే, తలపోత జరిగిన సంఘటనతో చేసే పని.

ఊరకుండుట

46వ కీర్తన పదవ వచనంలో దేవుడు తన ప్రజలను ఒక పని చేయమంటాడు. తెలుగు బైబిలులో ఆ మాట 'ఊరకుండుడి'. తమిళంలో 'అమర్‌న్దిరుందు', అంటే కుదురుగా కూర్చొని. హీబ్రూ మాట 'రఫా'కు సడలించడం, చేతులు వదలడం అని అర్థం. ఒక్క ఆజ్ఞను మూడు భాషలు మూడు వైపుల నుంచి చూపిస్తున్నాయి: పట్టు వదులు, కుదురుగా కూర్చో, ఏమీ చేయకు.

ఆ కీర్తన సందర్భం కూడా చూడాలి. కొండలు కదులుతున్నాయి, రాజ్యాలు గందరగోళంలో ఉన్నాయి, విల్లులు విరుగుతున్నాయి. తోటలో పక్షుల కూతలు వింటూ చేసే ధ్యానం కాదు ఇది. మిల్లు సైరను, బస్టాండు గోల, ఉత్సవకాలపు లౌడ్‌స్పీకరు మధ్య నివసించేవారికి ఇది కొంత ఊరట.

మన ప్రాంతపు తెలుగులో 'ఊరికే ఉండు' అంటాం; తమిళంలో దానికి సరిగ్గా సరిపోయేది 'సుమ్మా ఇరు'. ఈ తమిళ మాట చాలా చిన్నది, వాడుకది. అయినా 15వ శతాబ్దపు అరుణగిరినాథర్, 18వ శతాబ్దపు తాయుమానవర్ వంటి శైవ, మురుగభక్త కవులు దాన్ని ఆధ్యాత్మికమైన గొప్ప ఉపదేశంగా మలిచారు. ఇరుగుపొరుగు సంప్రదాయాలలో గల ఈ పోలిక వల్ల రెండూ ఒకటేనని చెప్పనక్కరలేదు. క్రైస్తవుడు ఊరకుండేది ఎదుట మరొకరు ఉన్నారన్న నమ్మకంతో. కాని వాడుక మాట ఎంత లోతుకు పోగలదో ఆ కవులు నిరూపించారు. 'ఊరికే' అన్న మన మాటకు కూడా ఆ అర్హత ఉంది.

కనిపెట్టుట

ఈ మాట బడిలో చదివిన తెలుగువారిని తికమకపెడుతుంది. నేటి వాడుకలో 'కనిపెట్టు' అంటే కొత్తదాన్ని కనుగొనడం. తెలుగు బైబిలులో 'కనిపెట్టుకొని ఉండు' అంటే ఎదురుచూడు. 27వ కీర్తన చివరి వచనంలో అదే మాట. 130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం చూసినదాని కంటె ఎక్కువగా ప్రాణం దేవుని కోసం కనిపెడుతుంది. పల్లెలో చేను కనిపెట్టుకొని ఉండమన్నా, పసిపిల్లను కనిపెట్టుకొని ఉండమన్నా ఇదే అర్థం: కన్ను వేసి, కదలకుండా, ప్రేమతో కాపలా కాయడం.

తమిళ బైబిలు 27వ కీర్తనలో 'కాత్తిరు' అంటుంది. మన 'కాచుకొని ఉండు'కు ఇది సోదరపదం. కాయడం అంటే రక్షించడం కూడా, ఎదురుచూడడం కూడా. ద్రావిడ భాషలు నిరీక్షణను ఖాళీ సమయంగా కాక కావలి ఉద్యోగంగా చూశాయి.

ఈ మాటను తెలుగు క్రైస్తవ జీవితంలో ఒక సాధనగా నిలబెట్టినవారు ముంగమూరి దేవదాసు అయ్యగారు. లూథరన్ సంఘంలో సేవచేసి, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషన్‌ను ప్రారంభించి, 1960లో మరణించిన ఈయన 'సన్నిధి' అనే పద్ధతిని బోధించారు. మనస్సును నిదానపరచుకోవడం, తప్పులు ఒప్పుకోవడం, స్తుతించడం, ఆ తరువాత ఏమీ అడగకుండా దేవుని సన్నిధిలో కనిపెట్టడం అందులోని వరుస. ఆయన బోధలన్నిటినీ అన్ని సంఘాలవారూ అంగీకరించరు. కాని మౌనంగా నిరీక్షించడానికి తెలుగులో ఒక పేరు, ఒక క్రమం, ఒక సామూహిక అలవాటు ఏర్పడడంలో ఆయన పాత్ర కాదనలేనిది. కోవిల్‌పట్టి విద్యార్థికి ఈ సంగతి తెలియకపోవడం సహజం. గోదావరి తీరపు మాట కరిసల్ నేల దాకా వచ్చే దారి లేకపోయింది.

అభ్యాసక్రమం

ఆసక్తి గలవారి కోసం ఈ మూడు మాటలను వరుసగా పెట్టి ఒక చిన్న క్రమం చెబుతాను. ఇరవై నిమిషాలు చాలు.

మొదట స్థలం, సమయం. రోజూ ఒకే చోటు, ఒకే వేళ అయితే మేలు. వసతిగృహపు మేడ, ఇంటి అరుగు, వేపచెట్టు కింద, ఏదైనా సరే. వీపు నిటారుగా పెట్టి, ఒకటి రెండు నిమిషాలు ఊపిరి కుదుటపడే దాకా కూర్చోవాలి.

తరువాత నాలుగైదు వచనాలకు మించని భాగాన్ని రెండుసార్లు నెమ్మదిగా, పెదవులు కదిపి చదవాలి. తమిళంలో చదివినా, తెలుగులో చదివినా పరవాలేదు. రెండూ వచ్చినవారు ఒకసారి ఒకదానిలో, మరొకసారి రెండవదానిలో చదివితే తేడా వల్లనే అర్థం తెరుచుకుంటుంది. పైన 'ఊరకుండు' విషయంలో మనం చూసింది అదే. మనసు ఏ మాట దగ్గర ఆగితే దాన్ని పట్టుకొని నెమరువేయాలి. ఆ మాటను మీ అమ్మ అయితే ఎలా అంటుందో అలా చెప్పి చూడాలి. ఇది ఏడెనిమిది నిమిషాలు.

ఆపైన మాటను కూడా వదలి ఊరకుండాలి. ఇక్కడే మనసు పరుగులు తీస్తుంది. పరీక్ష, బాకీ, ఎవరో అన్న మాట అన్నీ వస్తాయి. వాటితో పోట్లాడవద్దు. మందలోని మేక పక్క చేలోకి పోతే కాపరి కొట్టి చంపడు, అదిలించి తోలుకొస్తాడు. ఆ ఒక్క మాటతో మనసును తిరిగి తోలుకురావాలి. పదిసార్లు పోతే పదిసార్లు. నిద్ర వస్తే కళ్లు తెరిచి కూర్చోవచ్చు, నడవవచ్చు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానానికి బయలుదేరినట్లు ఆదికాండం 24వ అధ్యాయంలోనే ఉంది.

చివర కొద్దిసేపు కనిపెట్టి, పరలోక ప్రార్థనతో ముగించాలి. ఏమీ జరగలేదని అనిపించే రోజులే ఎక్కువ. కావలివాడు సూర్యుణ్ణి పొడిపించలేడు. మేలుకొని ఉండడం వరకే అతని పని.

రాత్రి ఐదు నిమిషాలు ఆత్మశోధన. ఈ రోజు దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఎవరిని నొప్పించాను, రేపు ఏది సరిదిద్దుకోవాలి అన్న మూడు ప్రశ్నలు చాలు. నోటుపుస్తకంలో రెండు పంక్తులు రాసుకుంటే ఇంకా మంచిది. తెలుగు అక్షరాలు రానివారు తమిళ లిపిలో రాసుకోవచ్చు. రాసేది మాత్రం ఇంటి తెలుగే కానివ్వండి.

ఒక హెచ్చరిక

ఈ ప్రాంతపు తెలుగులో 'గమ్మునుండు' అన్న మాట ఉంది. రాయలసీమలోనూ ఉంది, తమిళంలోనూ 'గమ్మును ఇరు' అంటారు. దీన్ని ఎవరు ఎవరితో అంటారో గమనించండి. పెద్దవారు పిల్లలతో, మగవారు ఆడవారితో, భూమి గలవారు కూలివారితో అంటారు. ఇక్కడి అరుంధతీయుల ఇళ్లలో తరతరాలుగా విన్న ఆజ్ఞ ఇది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన వారికి 'ఊరకుండడం గొప్ప సాధన' అని చెప్పేటప్పుడు మనం జాగ్రత్తపడాలి. పైనుంచి పడిన మౌనం వేరు, మనిషి తానై ఎంచుకున్న మౌనం వేరు.

ఈ తేడాను సువార్తే చూపిస్తుంది. యెరికో దారిలో గుడ్డి బర్తిమయి కేక వేసినప్పుడు జనం అతణ్ణి 'ఊరకుండు'మని గద్దించారు. తెలుగు బైబిలులో అక్కడా ఇదే మాట. అతడు ఊరకుండలేదు, ఇంకా గట్టిగా కేక వేశాడు. యేసు ఆగి, అతణ్ణి పిలిపించి, నీకేం కావాలని అడిగాడు. కనుక కీర్తనలోని ఊరకుండడాన్ని చూపించి ఎవరి నోరూ మూయించరాదు. మౌనంలో కూర్చున్న మనిషి లేచాక తన మాటను మరింత నిబ్బరంగా చెప్పగలగాలి. అలా కాకపోతే ఆ మౌనంలో ఏదో లోపం ఉంది. అలాగే తీవ్రమైన దిగులుతో బాధపడేవారు ఏకాంతంలో మరింత కుంగిపోవచ్చు. వారికి ముందు కావలసింది తోడు, వైద్యం.

విద్యార్థి ప్రశ్నకు తిరిగి వస్తే

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తన వలస పూర్వుల కథను 'గోపల్ల గ్రామం'గా 1976లో తమిళంలో రాశారు. దాని తరువాతి భాగమైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021లో మరణించే దాకా ఆయనను తమిళులు కరిసల్ నేల గొంతుగా గౌరవించారు. రాసింది తమిళమే అయినా ఆ కథలు బయలుదేరింది తెలుగు మాట్లాడే అవ్వల ఒడి నుంచి. బయటి భాష ఒకటి, లోపలి భాష మరొకటి అయినంత మాత్రాన మనిషి రెండుగా చీలిపోడని ఆయన జీవితం చెబుతుంది.

ప్రార్థన విషయంలోనూ అంతే. సంఘంతో కలిసి చేసే ప్రార్థన సంఘపు భాషలో ఉండాలి. తమిళం అక్కడ మీకు పరాయిది కాదు, మీదే. అయితే మాటలు ఆగిన చోట ఏ భాష మిగులుతుందో అది మనిషి ఏ వేషమూ వేసుకోని భాష. ఎలా ప్రార్థించాలో తెలియని వేళ మాటలకందని మూలుగులే ప్రార్థన అవుతాయని రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయం అంటున్నప్పుడు, అమ్మ మాట్లాడే తెలుగుకు అక్కడ చోటు లేదని ఎవరనగలరు? అది ప్రార్థన అవుతుందా అని నా విద్యార్థి అడిగారు. అవుతుందనే నా అభిప్రాయం.

ఇక మన శాఖ విద్యార్థులందరికీ, ఏ మతస్థులైనా సరే, ఒక చిన్న పని. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అవ్వాతాతల దగ్గర కూర్చొని, మౌనానికి, ఎదురుచూపుకు, తలపోతకు వారు వాడే మాటలను రాసుకొని రండి. ఊరికే, గమ్మున, నిమ్మళంగా, కుదురుగా, కాచుకొని వంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో చూద్దాం. బడి లేని భాషలో ఇలాంటి మాటలే ముందుగా జారిపోతాయి. వాటిని వినాలంటే మనం కూడా కాసేపు ఊరకుండక తప్పదు.